పాఠకుల సందేహాలు: అసెంబ్లీ భాష, కంప్యూటర్ ఆర్కిటెక్చర్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంజనీరింగ్ రెండో, మూడో సంవత్సరం విద్యార్థులవే. మైక్రోప్రాసెసర్ ల్యాబ్ ఒక సెమిస్టర్‌లోనూ, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పాఠం మరొక సెమిస్టర్‌లోనూ రావడంతో రెండింటికీ ఉన్న సంబంధం తెలియడం లేదని చాలామంది రాశారు. విశాఖపట్నంలో చాలా ఏళ్లు ఈ రెండు పాఠాలనూ చెప్పినవాడిగా ఆ ఇబ్బంది నాకు బాగా తెలుసు. ప్రాసెసర్ ఆదేశాలను ఒక్కొక్కటిగా రాసే అసెంబ్లీ ప్రోగ్రామ్‌లో ఎదురయ్యే ప్రతి చిక్కుకూ కారణం ఆ చిప్పు లోపలి కట్టుబడిలోనే ఉంటుందని నా నమ్మకం. అందుకే ఈ నెల రెండింటినీ విడదీయకుండా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ల్యాబ్‌లో ఇంటెల్ 8085 అనే ఎనిమిది బిట్ల మైక్రోప్రాసెసర్ కిట్ మీద, రికార్డులో ఉన్న అంకెలను చూసి నొక్కుతాం. జవాబు వస్తే సంతకం పెడతారు. ఐదు సంఖ్యల మొత్తం కట్టే ప్రోగ్రామ్ అలాగే పూర్తయింది. దాన్నే 300 సంఖ్యలకు మార్చమని వైవాలో అడిగారు. చిప్పులో సంఖ్యను దాచే గడి అయిన సీ రిజిస్టర్‌లో 255కు మించి పట్టదు కనుక బీసీ జంటను లెక్కకు పెట్టుకుని, డీసీఆర్ సీ అన్నచోట ఆ జంటను ఒకటి తగ్గించే డీసీఎక్స్ బీ అని రాశాను. ప్రోగ్రామ్ ఆగవలసిన చోట ఆగడం లేదు. తప్పు ఎక్కడుందో తెలియలేదు. 1976 నాటి చిప్పును ఇప్పుడు ఎందుకు నేర్చుకుంటున్నామో కూడా తెలియలేదు. - ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: అమ్మా, నీ రెండో సందేహానికి జవాబు మొదటి సందేహంలోనే ఉంది కాబట్టి ముందు తప్పును వెతుకుదాం.

ఐదు సంఖ్యల ప్రోగ్రామ్‌ను ఒకసారి గుర్తు చేసుకో. సంఖ్యలు మొదలయ్యే చిరునామాను హెచ్ఎల్ జంటలో పెట్టాం, సీలో 5 పెట్టాం, మొత్తాన్ని కట్టే ఏ అనే రిజిస్టర్‌ను సున్నా చేశాం. ఆ తరువాత నాలుగు ఆదేశాలు చక్రంలా తిరుగుతాయి: హెచ్ఎల్ చూపే సంఖ్యను ఏకు కలపమనే యాడ్ ఎం, హెచ్ఎల్‌ను ఒకటి పెంచే ఐఎన్ఎక్స్ హెచ్, సీని ఒకటి తగ్గించే డీసీఆర్ సీ, సున్నా కాకపోతే వెనక్కి వెళ్లమనే జేఎన్‌జెడ్. ఇప్పుడు చివరి ఆదేశాన్ని జాగ్రత్తగా చదువు. "సున్నా కాకపోతే" అన్నప్పుడు సున్నా కానిది ఏది? సీ అని మనం అనుకుంటాం, కానీ ఆ ఆదేశానికి సీ గురించి ఏమీ తెలియదు. అది జెడ్ అనే ఒక్క బిట్‌ను, అంటే వెనకటి లెక్క ఫలితం సున్నా అయిందా అని గుర్తు పెట్టే జీరో ఫ్లాగ్‌ను మాత్రమే చూస్తుంది. డీసీఆర్ సీ తన ఫలితాన్నిబట్టి ఆ ఫ్లాగ్‌ను మార్చింది కాబట్టి ప్రోగ్రామ్ సరిగా నడిచింది. డీసీఎక్స్ బీ మాత్రం ఏ ఫ్లాగ్‌నూ ముట్టుకోదు. నీ కొత్త ప్రోగ్రామ్‌లో జేఎన్‌జెడ్ దగ్గరకు వచ్చేసరికి జెడ్ ఫ్లాగ్‌లో మిగిలి ఉన్నది యాడ్ ఎం వేసిన గుర్తు. కాబట్టి బీసీ సున్నా అయినా, దాటిపోయి 65535కు వెళ్లినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎప్పుడైనా ఏలోని మొత్తం సరిగ్గా సున్నా అయితే అక్కడ ఆగుతుంది. నీ కిట్ తప్పు చేయలేదు, నువ్వు రాసినదాన్నే అక్షరాలా చేసింది.

దీన్ని సరిచేయడానికి అందరూ వాడే పద్ధతి ఒకటుంది. మొత్తాన్ని డీ రిజిస్టర్‌లో దాచుకోవాలి. చక్రం మొదట్లో డీని ఏలోకి తెచ్చి, యాడ్ ఎం చేసి, మళ్లీ డీలో పెట్టాలి. హెచ్ఎల్‌ను పెంచి, బీసీని తగ్గించాక, బీని ఏలోకి తెచ్చి ఓఆర్ఏ సీ అని రాయాలి. బీ, సీ రెండూ సున్నాలైతేనే ఆ ఓఆర్ ఫలితం సున్నా అవుతుంది, అప్పుడే జెడ్ ఫ్లాగ్ లేస్తుంది. ఇక జేఎన్‌జెడ్ నువ్వు ఆశించినట్లే పనిచేస్తుంది.

ఇంతటితో నీ ల్యాబ్ పని అయిపోతుంది కానీ, డీసీఆర్ ఫ్లాగులను మారుస్తుంటే డీసీఎక్స్ ఎందుకు మార్చదు అన్న ప్రశ్న మిగిలే ఉంది. చాలామంది దీన్ని పట్టికలో ఒక వరుసగా బట్టీ పడతారు. 8085 లోపలి బొమ్మను తీసి చూడు. ఎనిమిది బిట్ల లెక్కలన్నీ ఏఎల్‌యూ అనే భాగంలో జరుగుతాయి, ఫ్లాగులు దానికే అతికి ఉంటాయి. పదహారు బిట్ల చిరునామాలను ఒకటి పెంచడానికీ తగ్గించడానికీ వేరే చోట ఒక చిన్న సర్క్యూట్ ఉంది. ప్రోగ్రామ్ కౌంటర్‌ను ముందుకు జరిపేది కూడా అదే. ఐఎన్ఎక్స్, డీసీఎక్స్ ఆదేశాలు ఆ సర్క్యూట్‌నే వాడుకుంటాయి. ఏఎల్‌యూ గడప తొక్కవు కాబట్టి ఫ్లాగులు కదలవు. అలా కట్టడం వల్ల ఒక మేలు కూడా ఉంది. కూడికలో వచ్చిన క్యారీని, అంటే చేతిలో మిగిలినదాన్ని, పోగొట్టుకోకుండానే తరువాతి చిరునామాకు వెళ్లవచ్చు. పెద్ద సంఖ్యలను బైట్ వెంట బైట్ కలిపేటప్పుడు ఇది ఎంత అవసరమో నీకే తెలుస్తుంది. నువ్వు పొరపాటనుకున్న చోట అసలు పాఠం దొరికింది చూశావా? 8085ను ఇప్పటికీ నేర్పడానికి నాకు తోచే కారణం ఇదే. దాని లోపలి బొమ్మ ఒక్క కాగితంలో పడుతుంది, ప్రతి ఆదేశం ఆ బొమ్మలో ఏ దారిన నడిచిందో వేలితో చూపించవచ్చు. నీ ఫోన్‌లో ఉన్న ప్రాసెసర్‌కు అలా చేయడం ఎవరి తరమూ కాదు.

ఇంకొక మాట. ఐదు సంఖ్యల ప్రోగ్రామ్‌లో ఎన్ని క్లాక్ స్పందనలు పడతాయో లెక్క కట్టు. యాడ్ ఎంకు 7, ఐఎన్ఎక్స్‌కు 6, డీసీఆర్‌కు 4, జేఎన్‌జెడ్ వెనక్కి వెళితే 10, వెళ్లకపోతే 7. నాలుగు చుట్లకు 108, ఐదో చుట్టుకు 24. మొదట్లో ఉన్న మూడు ఆదేశాలకు 21, మొత్తాన్ని మెమరీలో దాచే ఎస్‌టీఏకు 13. హాల్ట్‌ను వదిలేస్తే 166. మూడు మెగాహెర్ట్జ్ కిట్ మీద ఇది సుమారు 55 మైక్రోసెకన్లు. ఇందులో ఒక వివరం దగ్గర ఆగు: యాడ్ బీకి 4 స్పందనలే, యాడ్ ఎంకు 7. ఎక్కువైన ఆ మూడూ మెమరీ దాకా వెళ్లిరావడానికి పట్టినవి. ఈ అంకెను గుర్తుంచుకో, కిందనున్న మరొక ఉత్తరంలో దీని అవసరం వస్తుంది.

ఇక నేర్చుకునే పద్ధతి. రికార్డు చూసి నొక్కడం మానెయ్. ఒక తెల్లకాగితం మీద నిలువు గీతలు గీసి ఏ, బీ, సీ, హెచ్ఎల్, జెడ్ ఫ్లాగ్, క్యారీ ఫ్లాగ్ అని శీర్షికలు పెట్టుకో. ఒక్కో ఆదేశం తరువాత ఏ గడిలో ఏముండాలో ముందు నువ్వు రాయి. ఆ తరువాతే కిట్ మీద ఒక్కో ఆదేశాన్నే నడిపే సింగిల్ స్టెప్ నొక్కి, కిట్ చూపినదాన్ని నీ గడితో పోల్చు. రెండూ కలవని మొదటి వరుస దగ్గర ఆగిపో, ముందుకు వెళ్లకు. ముందుగా ఊహించి రాయకుండా కిట్ చూపినదాన్నే ఎక్కించుకుంటే ఈ పట్టిక వల్ల ప్రయోజనం లేదు. నీ డీసీఎక్స్ ప్రోగ్రామ్‌కు బీసీలో 1 పెట్టి ఈ పట్టిక వేసి ఉంటే, ఒకే ఒక్క చుట్టు తిరిగేసరికి బీసీ సున్నా అయినా జెడ్ గడి కదలలేదని కనబడేది.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు వెనక్కి దూకే చిరునామాను తిరగేసి నొక్కాను. 2006 అనే చిరునామాకు వెళ్లమనడానికి 06 ముందు, 20 తరువాత నొక్కాలి. 8085 చిరునామాలో చిన్న భాగాన్ని ముందు తీసుకుంటుంది. నేను 20 ముందు నొక్కాను. ప్రోగ్రామ్ 0620కి, అంటే కిట్ సొంత ప్రోగ్రామ్ ఉండే, మనం మార్చలేని రోమ్ అనే మెమరీలోకి దూకి బిగుసుకుపోయింది. కిట్ పాడైందనుకుని ఆ మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. ఏ బైట్ ముందు, ఏది వెనుక అన్నది ఆ రోజు తరువాత నేను మళ్లీ చదవవలసిన అవసరం రాలేదు.

ప్రశ్న: నేను ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కొత్తగా చేరిన అధ్యాపకురాలిని. నా విద్యార్థుల్లో చాలామంది పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారు. క్యారీ, స్టాక్, టూస్ కాంప్లిమెంట్ అనగానే బెదిరిపోతున్నారు. ఈ మాటలకు తెలుగు పారిభాషిక పదాలు వాడమంటారా? - ఒక అధ్యాపకురాలు, పెందుర్తి

జవాబు: పరీక్షలోనూ ఉద్యోగంలోనూ వారికి ఎదురయ్యేవి ఆ మాటలే కాబట్టి పేర్లను మార్చవద్దని నా అభిప్రాయం. పేరు వెనుక ఉన్న పనిని మాత్రం తెలుగులోనే చెప్పండి, ఎందుకంటే ఆ పనుల్లో చాలావరకు వారికి చిన్నప్పటి నుంచీ తెలిసినవే. రెండో తరగతిలో ఏడూ ఎనిమిదీ పదిహేను, ఐదు వేసి "చేతిలో ఒకటి" అనుకున్న పిల్లకు క్యారీ కొత్తది కాదు. 200కు 100 కలిపితే 300; ఎనిమిది బిట్లలో పట్టేది 255 వరకే; కాబట్టి 256 తీసేయగా మిగిలిన 44 ఏలో ఉంటుంది, చేతిలో ఒకటి క్యారీ ఫ్లాగ్‌లో ఉంటుంది. చేతిలో ఉన్నదాన్ని వెంటనే కలుపుకోకపోతే తరువాతి కూడిక దాన్ని చెరిపేస్తుందని కూడా చెప్పండి. స్టాక్‌కు మన దొంతర అన్న మాటే సరిపోతుంది. పెళ్లిలో విస్తళ్ల దొంతర పైనుంచే తీస్తారు, పైనే పెడతారు. ఒక పనిలో ఉండగా మరొక పనికి వెళ్లవలసివస్తే, ఎక్కడికి తిరిగిరావాలో రాసిన చీటీని ఆ దొంతర మీద పెట్టి వెళతాం. కాల్ ఆదేశం చేసేది అదే. పెట్టినవాటిని తిరుగు వరుసలో తీయకపోతే చీటీ బదులు వేరేదేదో చేతికి వస్తుంది. దొంతర మీద పెట్టే పుష్‌లూ తీసే పాప్‌లూ సరిపోలని ప్రోగ్రామ్ దారి తప్పేది అందుకే.

రుణ సంఖ్యలను రాసే పద్ధతి అయిన టూస్ కాంప్లిమెంట్‌కు గోడగడియారాన్ని చూపించండి. ముల్లును మూడు గంటలు వెనక్కి తిప్పినా, తొమ్మిది గంటలు ముందుకు తిప్పినా ఒకచోటికే వస్తుంది. పన్నెండు గంటల గడియారంలో మైనస్ మూడు అంటే తొమ్మిది. ఎనిమిది బిట్లంటే 256 గంటల గడియారం. అందులో మైనస్ ఒకటి అంటే 255. తీసివేతకు వేరే యంత్రాంగం అక్కరలేకుండా కూడికతోనే పని జరిగిపోతుందని అప్పుడు వారికి దానంతట అదే తడుతుంది. ఆ గడియారంలో సగాన్ని ధన సంఖ్యలకూ సగాన్ని రుణ సంఖ్యలకూ పంచితే మైనస్ 128 నుంచి 127 వరకు పడతాయి. 100కు 50 కలిపితే 150, అంటే రుణభాగంలోకి దాటి మైనస్ 106గా కనబడుతుంది. దీన్ని ఓవర్‌ఫ్లో అంటాం. క్యారీ వేరు, ఓవర్‌ఫ్లో వేరు. ఈ ఉదాహరణలో క్యారీ రాదు, ఓవర్‌ఫ్లో వస్తుంది. ఇంటెల్ పత్రాల ప్రకారం 8085కు ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ లేదు, 8086కు ఉంది. ఈ తేడాను నల్లబల్ల మీద ఒక గంట కేటాయించి చెప్పినా వృథా కాదు. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయాణంలోనే ధ్వంసమైంది. 64 బిట్ల దశాంశ సంఖ్య ఒకదాన్ని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోగా అది పట్టకపోవడం దానికి మూలం.

ప్రశ్న: సార్, సీ భాషలో 1024 వరుసలు, 1024 నిలువులు ఉన్న మాత్రిక మొత్తాన్ని కట్టాను. వరుస వెంట వెళితే త్వరగా అయిపోతోంది, నిలువు వెంట వెళితే దానికి కొన్ని రెట్లు ఎక్కువ సమయం పడుతోంది. కూడికల సంఖ్య ఒక్కటే, అల్గారిథమ్ సంక్లిష్టత ఒక్కటే. మరి తేడా ఎక్కడిది? - రుషికొండ దగ్గర హాస్టల్‌లో ఉంటున్న మూడో సంవత్సరం విద్యార్థి

జవాబు: నాయనా, ప్రోగ్రామ్ రాసి, కొలిచి, ఆశ్చర్యపడి రాశావు. ఆర్కిటెక్చర్ పాఠం మొదలుకావలసింది ఇలాగే.

పైన గాజువాక విద్యార్థినికి చెప్పిన అంకె గుర్తుందా? 8085లో మెమరీ దాకా వెళ్లిరావడానికి మూడు స్పందనలు ఎక్కువ పట్టింది. ఆ తరువాతి దశాబ్దాల్లో ప్రాసెసర్ల వేగం విపరీతంగా పెరిగింది, మెయిన్ మెమరీ నుంచి ఒక సంఖ్యను తెచ్చే సమయం ఆ స్థాయిలో తగ్గలేదు. నేటి కంప్యూటర్‌లో ఆ ప్రయాణానికి వంద దాటి స్పందనలు పడతాయి. అందుకే మధ్యలో క్యాష్ అనే చిన్న, వేగమైన మెమరీని పెట్టారు. క్యాష్ ఒక్కొక్క సంఖ్యను విడిగా తీసుకురాదు. పూర్ణా మార్కెట్ దాకా వెళ్లినవాడు ఒక్క కొబ్బరికాయ కోసం అడిగినా బుట్టెడు తెచ్చి ఇంట్లో పెట్టినట్లు, అది ఒకేసారి ఒక లైన్ మొత్తాన్ని తెస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లలో ఉండే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఆ లైన్ పరిమాణం 64 బైట్లు, అంటే నాలుగు బైట్ల పూర్ణాంకాలు 16.

సీ భాష మాత్రికను వరుస తరువాత వరుసగా మెమరీలో పరుస్తుంది. నువ్వు వరుస వెంట నడిస్తే మొదటి సంఖ్యకు మాత్రమే దూరప్రయాణం, తరువాతి పదిహేనూ అప్పటికే ఇంట్లో ఉంటాయి. పైగా నువ్వు ఒక క్రమంలో నడుస్తున్నావని గమనించి ప్రాసెసర్ తరువాతి లైన్లను ముందే తెప్పించి పెడుతుంది. నిలువు వెంట నడిస్తే ప్రతి అడుగూ 4096 బైట్ల దూరంలో పడుతుంది. తెచ్చిన 16 సంఖ్యల్లో ఒక్కటి వాడుకుని ముందుకు పోతావు. మళ్లీ పక్క నిలువుకు వచ్చేసరికి ఆ లైన్ క్యాష్‌లో మిగిలి ఉండదు.

ఎందుకు ఉండదో చూడు, ఇందులో ఒక అందమైన చిక్కు ఉంది. చాలా ప్రాసెసర్లలో మొదటి స్థాయి డేటా క్యాష్ 32 కిలోబైట్లు, ఎనిమిది దారులు. అంటే 64 సెట్లు, సెట్‌కు ఎనిమిది లైన్లు. ఏ చిరునామా ఏ సెట్‌లోకి వెళ్లాలో చిరునామాలోని మధ్య బిట్లు నిర్ణయిస్తాయి. 64 సెట్లను 64 బైట్లతో హెచ్చిస్తే 4096. నీ అడుగు కూడా సరిగ్గా 4096! కాబట్టి ఒక నిలువులోని 1024 సంఖ్యల లైన్లన్నీ ఒకే సెట్ కోసం పోట్లాడుకుంటాయి. అక్కడ చోటు ఎనిమిదింటికే. మిగిలిన 63 సెట్లు ఖాళీగా ఉన్నా వాటికి పనికిరావు. ఇప్పుడు వరుస పొడవును 1024 బదులు 1040గా ప్రకటించి, చివరి 16 గడులను వాడకుండా వదిలేసి మళ్లీ కొలిచి చూడు. అడుగు 4160 బైట్లు అవుతుంది, లైన్లు వేర్వేరు సెట్లలోకి సర్దుకుంటాయి. మెమరీ ఎక్కువ వాడినా నిలువు నడక వేగం పెరగడం చాలా యంత్రాల్లో కనబడుతుంది. వరుస నడక వేగాన్ని మాత్రం అది అందుకోదు. కొలిచే ముందు నువ్వు ఊహించిన ఫలితాన్ని రాసిపెట్టుకో. కంపైలర్ ప్రోగ్రామ్‌ను వేగవంతం చేసే ఆప్టిమైజేషన్‌ను తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి కొలువు. కంపైలర్ తనంతట తానే లూపులను తారుమారు చేసే సందర్భాలు కూడా ఉన్నాయి.

అల్గారిథమ్ సంక్లిష్టత ఒక్కటే అన్న నీ మాట తప్పు కాదు. ఆ లెక్క ప్రతి మెమరీ ప్రయాణానికీ ఒకే ధర వేస్తుంది. నీ కంప్యూటర్ అలా వేయదు.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాడు. అడిగితే ప్రోగ్రామ్ రాసిచ్చే కృత్రిమ మేధ ఉండగా అసెంబ్లీ ఎందుకని వాడు దాన్ని పక్కన పెట్టేశాడు. దీనివల్ల ఉద్యోగం వస్తుందా? - ఒక తండ్రి, ఉక్కునగరం

జవాబు: రోజంతా అసెంబ్లీ మాత్రమే రాసే ఉద్యోగాలు తక్కువని మీకు నిజాయితీగా చెప్పాలి. అయితే కంపైలర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, వాహనాల్లోనూ వైద్య పరికరాల్లోనూ ఉండే చిన్న కంట్రోలర్లు, చిప్పుల రూపకల్పన, సైబర్ భద్రత వంటి పనుల్లో దాన్ని చదవగలగడం తప్పనిసరి. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు బయటపడ్డాయి. ప్రాసెసర్ వేగం కోసం ఆదేశాలను ముందుగానే ఊహించి నడిపే పద్ధతి నుంచే అవి పుట్టాయి. ఆర్కిటెక్చర్ తెలియనివారికి ఆ లోపం ఏమిటో కూడా అర్థం కాదు. కృత్రిమ మేధ అసెంబ్లీ కూడా రాసిస్తుంది, నేను రాయించి చూశాను. గాజువాక అమ్మాయి చేసిన డీసీఎక్స్ తప్పు లాంటిది అందులో ఉంటే పట్టుకోవలసింది మీ అబ్బాయే. మీరు ఉద్యోగం మాట పక్కనపెట్టి, ఈ సంచికలోని మొదటి జవాబును అతనికి చూపించి, తప్పు ఎందుకు వచ్చిందో మీకు వివరించమని అడగండి. వివరించగలిగితే దిగులు పడనక్కరలేదు.

ప్రశ్న: ల్యాబ్‌లో 8085, తరగతిలో 8086, గేట్ పరీక్షలో పైప్‌లైన్ లెక్కలు, బయట అందరూ రిస్క్-ఫైవ్ అంటున్నారు. ఏది ముందు? - ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: ముందు ఏదైనా ఒక్కటి, పట్టికతో సహా నడిపించగలిగేంత వరకు. నీకు ఇప్పటికే ల్యాబ్‌లో 8085 ఉంది కాబట్టి అదే కానివ్వు. తరువాతి దాని దగ్గరకు వెళ్లినప్పుడు మొత్తం మళ్లీ మొదటినుంచి చదవక, మారింది ఏమిటి, ఎందుకు మారింది అని మాత్రమే అడుగు.

1978లో వచ్చిన 8086లో రిజిస్టర్లు 16 బిట్లవి, చిరునామాకు మాత్రం 20 బిట్లు కావాలి, ఎందుకంటే పది లక్షల పైచిలుకు బైట్ల మెమరీని అందుకోవాలని వారి ఉద్దేశం. పదహారు బిట్ల రిజిస్టర్‌తో ఇరవై బిట్ల చిరునామాను ఎలా చెప్పాలి? మెమరీలో ఒక భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే సెగ్మెంట్‌ను 16తో హెచ్చించి, అక్కడినుంచి ఎంత దూరమో చెప్పే ఆఫ్‌సెట్ కలపడం అన్న ఏర్పాటు అక్కడినుంచి వచ్చింది. హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కింపులో, సెగ్మెంట్ 1234, ఆఫ్‌సెట్ 0010 అయినా, సెగ్మెంట్ 1235, ఆఫ్‌సెట్ 0000 అయినా చేరేది 12350 అనే ఒకే చోటికి. ఈ అవసరం తెలిస్తే సెగ్మెంట్ల పాఠం ఒక పూటలో అయిపోతుంది.

రిస్క్-ఫైవ్ 2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో మొదలైంది. ఆ ఆదేశాల సమితిని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చు. ఐఐటీ మద్రాసులో రూపొందిన శక్తి, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ రూపొందించిన వేగ ప్రాసెసర్లు దాని మీద కట్టినవే. సొంతంగా నేర్చుకునేవారికి నేను చెప్పేది ఇదే. ఉచిత సిమ్యులేటర్లు ఉన్నాయి, ఆదేశాలు కొద్ది, నియమాలకు మినహాయింపులు తక్కువ. మెమరీని ముట్టుకునేవి లోడ్, స్టోర్ మాత్రమే. కూడిక రిజిస్టర్ల మధ్యనే జరుగుతుంది. ఎక్స్0 అనే రిజిస్టర్‌లో ఎప్పుడూ సున్నాయే ఉంటుంది. ముఖ్యంగా, అందులో ఫ్లాగులు లేవు! రెండు రిజిస్టర్లను పోల్చి దూకడం ఒకే ఆదేశంలో జరుగుతుంది కాబట్టి, మొదటి ఉత్తరంలోని తప్పు అక్కడ జరగడానికి వీల్లేదు. ఫ్లాగులను ఎందుకు వదిలేశారు? ఒక ఆదేశం పూర్తికాకముందే తరువాతిది మొదలయ్యే పైప్‌లైన్‌లో, దాదాపు ప్రతి ఆదేశమూ రాసే ఒకే ఒక ఉమ్మడి చోటు ఉంటే, ఎవరు రాసినదాన్ని ఎవరు చదవాలో చూసుకోవడం పెద్ద పని అవుతుంది. గేట్ పైప్‌లైన్ లెక్కల్లో నువ్వు వెతికే ఆధారపడటాలు ఇవే. ఐదు దశల పైప్‌లైన్‌లో లోడ్ చేసిన విలువను వెంటనే తరువాతి ఆదేశం వాడితే, ఫలితాన్ని నేరుగా తరువాతి ఆదేశానికి అందించే ఫార్వర్డింగ్ ఉన్నా ఒక స్పందన ఆగక తప్పదు. ఎందుకో బొమ్మ గీసి చూడు: విలువ మెమరీ దశ చివరన వస్తుంది, తరువాతి ఆదేశానికి అది అదే స్పందన మొదట్లోనే, తన లెక్క దశకు కావాలి.

ప్రశ్న: చదువు పూర్తయి పదేళ్లయింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కిట్ లేదు, ల్యాబ్ లేదు. ఈ విషయాన్ని మళ్లీ ఎక్కడ పట్టుకోవాలి? - ఒక ఉద్యోగిని, మధురవాడ

జవాబు: మీ కంపైలర్ దగ్గరే పట్టుకోండి. సీ భాషలో నాలుగు వాక్యాలకు మించని చిన్న ఫంక్షన్ ఒకటి రాసి, జీసీసీ అనే కంపైలర్‌కు అసెంబ్లీని మాత్రమే ఇమ్మని చెప్పండి. ఆప్టిమైజేషన్ లేకుండా ఒకసారి, రెండో స్థాయిలో ఒకసారి తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదానిలో ప్రతి చరరాశీ స్టాక్‌కు వెళ్లివస్తుంటుంది, రెండోదానిలో అన్నీ రిజిస్టర్లలోనే ఉండిపోతాయి. 8తో గుణకారం చాలాసార్లు మూడు బిట్ల జరుపుడుగా మారి కనబడుతుంది. ప్రతి రాత్రి ఒక్క ఫంక్షన్ చాలు, తెలియని ఆదేశం వస్తే దాని ఒక్కదాని గురించి చదవండి.

మొదటి రాత్రికి నేనే ఒకటి ఇస్తాను. గుర్తు లేని 32 బిట్ల పూర్ణాంకాన్ని 10తో భాగించే ఫంక్షన్ రాయండి. రెండో స్థాయిలో తీసిన అసెంబ్లీలో భాగాహార ఆదేశమే ఉండదు. దాని బదులు 3435973837 అనే సంఖ్యతో గుణకారం, మొత్తం మీద 35 బిట్ల కుడి జరుపుడు ఉంటాయి. ప్రాసెసర్‌కు భాగాహారం చాలా నెమ్మది పని, గుణకారం వేగమైనది కాబట్టి కంపైలర్ ఈ దారి పట్టింది. ఆ సంఖ్యను 10తో హెచ్చిస్తే 34359738370 వస్తుంది. రెండును ముప్పైఐదు సార్లు హెచ్చిస్తే 34359738368 వస్తుంది. రెండింటికీ తేడా 2 మాత్రమే. ఇప్పుడు 99ని తీసుకుని ఆ గుణకారాన్ని కాగితం మీద చేసి, 35 బిట్లు జరిపితే 9 ఎలా మిగిలిందో చూడండి.